కెర్నెల్ కోడ్ నుంచి హార్డ్‌వేర్ రిజిస్టర్లను చదవడం, రాయడం: సమగ్ర మార్గదర్శి

హార్డ్‌వేర్ పరికరాన్ని నడిపించే చిన్న నిల్వ స్థానమైన రిజిస్టరుకు కూడా ర్యామ్‌కు ఉన్నట్టే ఒక అడ్రస్ ఉంటుంది కాబట్టి, డ్రైవర్ (పరికరాన్ని నడిపే కెర్నెల్ కోడ్) రాయడం కొత్తగా మొదలుపెట్టినవారికి దాన్ని ఒక వేరియబుల్‌లా వాడుకోవచ్చనిపిస్తుంది. అయితే ర్యామ్‌లో ఒక స్థానాన్ని ఎన్నిసార్లు చదివినా దానిలోని విలువ చెక్కుచెదరదు, రాసిన విలువే తిరిగి వస్తుంది. రిజిస్టరు ఈ రెండింటిలో ఏ హామీనీ ఇవ్వదు. చదివినంత మాత్రాన ఒక బైట్ మాయం కావచ్చు. ఒక బిట్‌లో 1 రాస్తే అది 0గా మారవచ్చు. కాబట్టి ప్రతి రీడ్‌నూ ప్రతి రైట్‌నూ పరికరానికి పంపే ఒక ఆజ్ఞగానే లెక్కించాలి. ఈ వ్యాసంలో రాబోయే నియమాలన్నీ ఆ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

ఉదాహరణలకు లినక్స్ కెర్నెల్‌నూ, మొదటి తరం రాస్‌బెరీ పై, పై జీరో బోర్డుల్లో ఉన్న బ్రాడ్‌కామ్ బిసిఎమ్2835 చిప్‌నూ తీసుకుంటున్నాను. ఈ చిప్‌లోని పెరిఫెరల్స్‌కు (ప్రాసెసర్ కాక మిగిలిన పరికరాలకు) సంబంధించిన డేటాషీట్ 2012 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. పైగా కెర్నెల్‌లో దీని డ్రైవర్లు చిన్నవి, చదువుకోవడానికి వీలైనవి. ఇక్కడి అడ్రస్‌లు, ఆఫ్‌సెట్లు అన్నీ హెక్సాడెసిమల్‌లో ఉన్నాయి. బిట్ నంబర్లు, పిన్ నంబర్లు మామూలు దశాంశంలో ఉన్నాయి.

మొదటి మెట్టు: సరైన అడ్రస్‌ను తెలుసుకోవడం

బిసిఎమ్2835 డేటాషీట్ తెరిస్తే జీపీఐఓ (చిప్ పిన్‌లను నియంత్రించే భాగం) బ్లాక్ అడ్రస్ 7ఈ200000 అని కనబడుతుంది. ఇది బస్ అడ్రస్. ఏఆర్ఎమ్ ప్రాసెసర్‌కు అదే బ్లాక్ ఫిజికల్ అడ్రస్ 20200000 దగ్గర కనబడుతుంది, ఎందుకంటే 7ఈ000000 నుంచి మొదలయ్యే పెరిఫెరల్ ప్రాంతమంతా ప్రాసెసర్ వైపు 20000000 నుంచి మొదలవుతుంది. కెర్నెల్ నడిచే సమయానికి ఎమ్ఎమ్‌యూ (వర్చువల్ అడ్రస్‌లను ఫిజికల్ అడ్రస్‌లుగా మార్చే భాగం) పని మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి, ఈ ఫిజికల్ అడ్రస్‌ను కూడా పాయింటర్‌లో పెట్టి నేరుగా వాడలేము. దానికి ఒక వర్చువల్ అడ్రస్ కేటాయించుకోవాలి. అంటే ఒకే రిజిస్టరుకు మూడు అడ్రస్‌లన్నమాట. ఏ కాగితంలో ఏది రాసి ఉందో ముందే తేల్చుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఈ అంకెలను కోడ్‌లో నేరుగా రాసుకోకండి. పై 2, పై 3 బోర్డుల్లో అదే పెరిఫెరల్ ప్రాంతం 3ఎఫ్000000 దగ్గరికి, పై 4లో ఎఫ్ఈ000000 దగ్గరికి మారింది. పాత అడ్రస్‌ను కోడ్‌లో పాతేసిన ప్రోగ్రాములన్నీ ఒక్కో కొత్త బోర్డుతో విరిగిపోయాయి. డివైస్ ట్రీని (బోర్డులో ఏ పరికరం ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే వివరణను) నమ్ముకున్న డ్రైవర్లకు అడ్రస్ కోసం ఒక్క వరుస కూడా మార్చాల్సిన పని పడలేదు. డివైస్ ట్రీలో ఆ బ్లాక్ నోడ్‌కు ఉన్న 'రెగ్' ప్రాపర్టీ బస్ అడ్రస్‌నూ నిడివినీ చెబుతుంది, పైనున్న 'రేంజెస్' ప్రాపర్టీ దాన్ని ఫిజికల్ అడ్రస్‌గా ఎలా మార్చాలో చెబుతుంది, ఆ లెక్క కెర్నెలే చేసుకుంటుంది.

రెండో మెట్టు: ప్రాంతాన్ని సొంతం చేసుకుని మ్యాప్ చేయడం

ప్లాట్‌ఫామ్ డ్రైవర్ ప్రోబ్ ఫంక్షన్‌లో (పరికరం దొరికినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్‌లో) దీనికి ఒక్క కాల్ చాలు: డెవ్ఎమ్_ప్లాట్‌ఫామ్_ఐఓరీమ్యాప్_రిసోర్స్. ఇది లోపల మూడు పనులు చేస్తుంది. డివైస్ ట్రీ ఇచ్చిన రిసోర్స్‌ను తెస్తుంది, ఆ ప్రాంతాన్ని మీ డ్రైవర్ పేర నమోదు చేస్తుంది, ఆ తరువాత ఐఓరీమ్యాప్ చేసి, అంటే వర్చువల్ అడ్రస్ కేటాయించి, పాయింటర్ తిరిగి ఇస్తుంది. ఇంకో డ్రైవర్ ఆ ప్రాంతాన్ని అప్పటికే తీసుకుని ఉంటే మీకు ఈబిజీ ఎర్రర్ వస్తుంది. ఎవరు తీసుకున్నారో ప్రాక్ డైరెక్టరీలోని ఐఓమెమ్ ఫైల్‌లో కనబడుతుంది. దాన్ని రూట్‌గా చదవాలి, మామూలు వినియోగదారుకు అడ్రస్‌లన్నీ సున్నాలుగానే చూపిస్తుంది.

ఇక్కడ తరచుగా దొర్లే పొరపాటు ఒకటుంది. నేరుగా వాడిన ఐఓరీమ్యాప్ విఫలమైతే నల్ ఇస్తుంది, పైన చెప్పిన డెవ్ఎమ్ ఫంక్షన్ మాత్రం ఎర్రర్ సంఖ్యను పాయింటర్ రూపంలో ఇస్తుంది. రెండోదాన్ని నల్‌తో పోల్చి ఊరుకుంటే విఫలమైన మ్యాపింగ్ కూడా సఫలమైనట్టే కనబడి, మొదటి రీడ్‌లోనే కెర్నెల్ ఊప్స్ (తీవ్రమైన లోపం నివేదిక) ఇస్తుంది. దానికి ఈజ్_ఎర్ అనే పరీక్షే సరైనది.

వచ్చిన పాయింటర్‌ను 'వాయిడ్ __ఐఓమెమ్ *' రకంగానే ఉంచుకోండి. __ఐఓమెమ్ అనే గుర్తు కంపైలర్‌కు ఏమీ చెప్పదు, స్పార్స్ అనే తనిఖీ సాధనానికి మాత్రం 'దీన్ని నేరుగా డీరెఫరెన్స్ చేయకూడదు' అని చెబుతుంది. మేక్‌కు సి=1 జోడించి బిల్డ్ చేస్తే ఆ హెచ్చరికలు వస్తాయి. హెచ్చరిక పోగొట్టడానికి కాస్ట్ చేయడం మాత్రం జ్వరాన్ని వదిలి థర్మామీటర్‌ను విరగ్గొట్టడమే.

వాయిడ్ రకం ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. జీపీఐఓ బ్లాక్‌లో పిన్‌ను హై చేసే జీపీసెట్0 రిజిస్టరు ఆఫ్‌సెట్ 1సి. మీ బేస్ పాయింటర్ 32 బిట్ల పూర్ణాంక రకంలో ఉంటే, సి భాష నియమం ప్రకారం బేస్‌కు 1సి కలపడం అంటే నాలుగింతలు, అంటే హెక్సాడెసిమల్‌లో 70 బైట్ల దూరం వెళ్లడం. ఆ ఆఫ్‌సెట్ దగ్గర ఉన్నది జీపీలెన్0, అంటే పిన్ లో స్థాయిలో ఉన్నప్పుడు గుర్తించమని చెప్పే రిజిస్టరు. మీరు ఎల్ఈడీ వెలిగించమని రాస్తే, అది వెలగదు సరికదా, ఆ పిన్ మీద ఈవెంట్ల గుర్తింపు మొదలవుతుంది. కంపైలర్ నోరు మెదపదు. వాయిడ్ పాయింటర్‌కు కెర్నెల్ వాడే కంపైలర్లు బైట్ల లెక్కనే కూడుతాయి కాబట్టి ఈ ప్రమాదం ఉండదు.

మూడో మెట్టు: హాని లేని రిజిస్టరుతో మొదలుపెట్టడం

మొదటి ప్రయోగానికి సిస్టమ్ టైమర్ మంచి ఎంపిక. ఇది ఫిజికల్ అడ్రస్ 20003000 దగ్గర ఉంటుంది, సెకనుకు పది లక్షల చొప్పున ఆగకుండా లెక్కించే 64 బిట్ల కౌంటర్. దిగువ 32 బిట్లు ఆఫ్‌సెట్ 4 దగ్గర, ఎగువ 32 బిట్లు ఆఫ్‌సెట్ 8 దగ్గర ఉంటాయి. కౌంటర్‌ను చదివినందువల్ల ఏమీ మారదు.

చదవడానికి రీడ్ఎల్, రాయడానికి రైట్ఎల్ వాడాలి. చివరి 'ఎల్' 32 బిట్లను సూచిస్తుంది. 8 బిట్లకు రీడ్‌బి, 16కు రీడ్‌డబ్ల్యూ, 64కు రీడ్‌క్యూ ఉన్నాయి. డేటాషీట్ చెప్పిన వెడల్పులోనే యాక్సెస్ చేయాలి: 32 బిట్ల రిజిస్టరులో ఒక్క బైట్ మార్చాలని రైట్‌బి వాడితే ఏం జరుగుతుందో ఆ చిప్ డిజైనర్ మీద ఆధారపడి ఉంటుంది. రైట్ఎల్‌కు ముందు విలువ, తరువాత అడ్రస్ ఇవ్వాలి. మెమరీ కాపీ చేసే ఫంక్షన్లకు గమ్యం ముందు ఇవ్వడానికి అలవాటు పడ్డవారు దీన్ని తిరగేసి రాస్తుంటారు. ఈ ఫంక్షన్లు పరికరాన్ని లిటిల్ ఎండియన్‌గా (తక్కువ విలువ గల బైట్ ముందుండేదిగా) భావిస్తాయి. బిగ్ ఎండియన్ పరికరమైతే ఐఓరీడ్32బీఈ వంటివి ఉన్నాయి.

వోలటైల్ పాయింటర్ సరిపోదా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వోలటైల్ కంపైలర్‌ను మాత్రమే కట్టడి చేస్తుంది: ఒక యాక్సెస్‌ను తొలగించకుండా, ఇంకో వోలటైల్ యాక్సెస్‌తో తారుమారు చేయకుండా చూస్తుంది. ప్రాసెసర్ గానీ బస్ గానీ వరుస మార్చకుండా అది ఆపలేదు. ఎండియన్ సంగతి దానికి తెలియదు. కెర్నెల్ సమాజం దీన్ని హానికరమని డాక్యుమెంటేషన్‌లోనే రాసిపెట్టింది, కాబట్టి వోలటైల్‌తో రాసిన డ్రైవర్‌ను రివ్యూలో తిప్పి పంపిస్తారు.

ఇప్పుడు 64 బిట్లనూ చదవాలనుకుందాం. 32 బిట్ల ప్రాసెసర్ ఒకేసారి చదవలేదు కాబట్టి రెండు రీడ్‌లు చేయాలి, ఆ రెండింటి మధ్య దిగువ సగం నిండి సున్నాకు తిరిగితే మీకు వచ్చే విలువ సుమారు 71 నిమిషాల తేడాతో తప్పవుతుంది, ఎందుకంటే 32 బిట్లు మైక్రోసెకన్ల లెక్కన నిండడానికి అంత సమయమే పడుతుంది. పరీక్షల్లో ఇది దొరకడం దాదాపు అసాధ్యం. అందుకే ఎగువ సగం చదివి, దిగువ సగం చదివి, మళ్లీ ఎగువ సగం చదివి, రెండు ఎగువ విలువలూ ఒకటే అయితేనే ఒప్పుకోవాలి. కాకపోతే మొదటి నుంచి చదవాలి. 32 బిట్ల యంత్రాల్లో రీడ్‌క్యూ సహజంగా ఉండదు. దాన్ని రెండు రీడ్‌లుగా విడగొట్టే హెడర్లు కెర్నెల్‌లో ఉన్నా, పరుగెత్తే కౌంటర్‌కు అవి ఈ రక్షణ ఇవ్వవు.

నాలుగో మెట్టు: బిట్లు మార్చి తిరిగి రాయడం

జీపీఐఓ 17ను ఔట్‌పుట్‌గా మార్చాలి. ఒక్కో పిన్‌కు మూడు బిట్ల చొప్పున, ఒక్కో ఫంక్షన్ సెలెక్ట్ రిజిస్టరులో పది పిన్‌లు ఉంటాయి. 17 రెండో రిజిస్టరులో, అంటే ఆఫ్‌సెట్ 4 దగ్గర, 21 నుంచి 23 వరకు ఉన్న బిట్లలో పడుతుంది. ఆ మూడు బిట్లు 001 అయితే ఔట్‌పుట్. పని విధానం ఇది: రిజిస్టరును చదవండి, జెన్‌మాస్క్‌తో తయారుచేసిన మాస్క్ ద్వారా ఆ మూడు బిట్లనూ ముందు సున్నా చేయండి, ఫీల్డ్_ప్రెప్‌తో 1ని ఆ స్థానంలో కలపండి, తిరిగి రాయండి. సున్నా చేయకుండా 'ఆర్' మాత్రమే చేస్తే, ఆ పిన్‌లో అంతకుముందు 100 ఉన్నప్పుడు ఫలితం 101 అవుతుంది, అది ఇంకేదో ప్రత్యామ్నాయ ఫంక్షన్.

చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకో ప్రాసెసర్ కోర్ గానీ, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం పిలిచినప్పుడు మధ్యలో నడిచే కోడ్) గానీ అదే రిజిస్టరులోని వేరే పిన్‌ను మారిస్తే, మీ రైట్ ఆ మార్పును చెరిపేస్తుంది. పై జీరోలో ఒకే కోర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేము, ఇంటరప్ట్ ఎప్పుడైనా రావచ్చు. హ్యాండ్లర్ కూడా ముట్టుకునే రిజిస్టరైతే స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ (ఇంటరప్ట్‌లను కూడా ఆపే లాక్) తీసుకుని ఈ మూడు చర్యలనూ దానిలోపల ఉంచాలి.

మంచి హార్డ్‌వేర్ ఈ బాధను తప్పిస్తుంది. పిన్‌ను హై చేయడానికి జీపీసెట్0, లో చేయడానికి ఆఫ్‌సెట్ 28లోని జీపీక్లియర్0 వేర్వేరుగా ఉన్నాయి. వీటిలో 1 రాసిన బిట్‌కు మాత్రమే పని జరుగుతుంది, 0 రాసిన బిట్లను అవి పట్టించుకోవు. కాబట్టి బిట్ 17 ఒక్కటే రాస్తే చాలు, చదవక్కర్లేదు, లాక్ అక్కర్లేదు. ఇలాంటి జంట ఉన్నప్పుడు కూడా అలవాటుకొద్దీ చదివి, మార్చి, రాసే కోడ్ కనబడితే, రాసినవారు డేటాషీట్ చదవలేదని అర్థం.

ఒక హెచ్చరిక. జీపీఐఓ ప్రాంతాన్ని కెర్నెల్‌లోని పిన్‌కంట్రోల్ డ్రైవర్ ముందే తీసుకుని ఉంటుంది. పైన చెప్పినది రిజిస్టరు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి. అసలు ఉత్పత్తిలో పిన్ కావాలంటే కెర్నెల్ జీపీఐఓ ఇంటర్‌ఫేస్ ద్వారానే అడగాలి.

ఐదో మెట్టు: చదివితే మారేవి, 1 రాస్తే చెరిగేవి

మొత్తం విషయంలో ఎక్కువ మంది పడే గొయ్యి ఇదే. సిస్టమ్ టైమర్‌లో ఆఫ్‌సెట్ 0 దగ్గరున్న సీఎస్ రిజిస్టరులో నాలుగు కంపేర్ ఛానెళ్లకు నాలుగు బిట్లు ఉంటాయి. ఛానెల్ సమయం రాగానే దాని బిట్ 1 అవుతుంది, ఆ బిట్‌లో 1 రాస్తే అది 0 అవుతుంది. ఈ నాలుగు ఛానెళ్లలో 0, 2 గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడుకుంటుంది. లినక్స్ 3వ ఛానెల్‌ను వాడుతుంది.

ఇప్పుడు ఎవరైనా నాలుగో మెట్టులో నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వాడారనుకోండి: సీఎస్ చదివి, బిట్ 3ను 'ఆర్' చేసి, తిరిగి రాశారు. ఆ క్షణంలో ఛానెల్ 2 బిట్ కూడా 1గా ఉంటే, చదివిన విలువలో అది 1గా వచ్చింది, తిరిగి రాసినప్పుడు అదీ చెరిగిపోయింది. తన టైమర్ ఎందుకు మోగలేదో గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్‌కు తెలిసే దారే లేదు. లాక్ పెట్టినా ప్రయోజనం లేదు, అవతలి ప్రాసెసర్ మీ లాక్‌ను ఎరుగదు. కెర్నెల్‌లోని బిసిఎమ్2835 టైమర్ డ్రైవర్ దీన్ని ఎలా చేస్తుందో చూడండి: సీఎస్ చదివి తన బిట్ ఉందో లేదో మాత్రమే పరీక్షిస్తుంది, ఉంటే ఆ ఒక్క బిట్ ఉన్న విలువనే రాస్తుంది. రెండు వరుసల కోడ్, కానీ అందులో ఉన్న జాగ్రత్త అంతా ఆ రెండో వరుసలో చదివిన విలువను వాడకపోవడంలోనే ఉంది.

చదివితే మారే రిజిస్టర్లకు 16550 రకం సీరియల్ పోర్ట్ పాత ఉదాహరణ. దాని డేటా రిజిస్టరును చదివితే ఫిఫోలోని (వచ్చిన బైట్లు వేచి ఉండే వరుసలోని) బైట్ బయటికి వస్తుంది. లైన్ స్టేటస్ రిజిస్టరును చదివితే అందులోని ఎర్రర్ బిట్లు చెరిగిపోతాయి. అందుకే లినక్స్ 8250 డ్రైవర్ వేరే పని మీద స్టేటస్ చదివినప్పుడు కూడా ఆ ఎర్రర్ బిట్లను పక్కన దాచుకుంటుంది. డీబగ్ కోసం రిజిస్టర్లన్నీ ప్రింట్ చేసే ఫంక్షన్ రాసేముందు ఇలాంటివి ఉన్నాయేమో వెతకండి. లేకపోతే ప్రింట్ పెట్టినప్పుడే కనబడే లోపం, తీసేస్తే మాయమయ్యే లోపం మీకు పరిచయమవుతాయి.

ఆరో మెట్టు: వరుస, ఆలస్యం

ఒకే పరికరానికి చేసిన యాక్సెస్‌లు మీరు రాసిన వరుసలోనే చేరతాయి. రెండు వేర్వేరు పరికరాల మధ్య ఆ హామీ ఉండదు. బిసిఎమ్2835 డేటాషీట్ దీన్ని మొదటి అధ్యాయంలోనే చెబుతుంది: ఒక పెరిఫెరల్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు చదివిన డేటా వరుస తప్పి రావచ్చు కాబట్టి, ఒక పెరిఫెరల్‌కు మొదటి రైట్ ముందూ చివరి రీడ్ తరువాతా బ్యారియర్ (యాక్సెస్‌ల వరుస తప్పకుండా ఆపే ఆజ్ఞ) పెట్టాలి. ఏఆర్ఎమ్ మీద మామూలు రైట్ఎల్ తన పనికి ముందు, రీడ్ఎల్ తన పనికి తరువాత బ్యారియర్‌ను వెంట తెస్తాయి కాబట్టి, వాటిని వాడినంతకాలం ఈ నియమం దానంతటదే నెరవేరుతుంది. రిలాక్స్‌డ్ అని చివర ఉండే రూపాలు ఆ బ్యారియర్‌ను వదిలేసి వేగం ఇస్తాయి. అవి అవసరమని కొలిచి తెలిసేవరకు వాటి జోలికి వెళ్లకపోవడం మంచిదని నా అభిప్రాయం.

డీఎమ్ఏ (పరికరమే నేరుగా ర్యామ్‌ను చదివి, రాసే పద్ధతి) వాడేచోట ఇది మరీ ముఖ్యం. డిస్క్రిప్టర్‌ను (పరికరం చేయాల్సిన పని వివరాలను) ర్యామ్‌లో రాసి, 'ఇక మొదలుపెట్టు' అని ఒక రిజిస్టరులో రాస్తాము. రైట్ఎల్ వాడితే, పరికరానికి ఆజ్ఞ చేరేసరికి డిస్క్రిప్టర్ దానికి కనబడేలా ఉంటుంది. రిలాక్స్‌డ్ రూపం వాడితే పరికరం సగం రాసిన డిస్క్రిప్టర్‌ను చదివే ప్రమాదం ఉంది.

ఇక ఆలస్యం సంగతి. రైట్ఎల్ తిరిగి వచ్చిందంటే విలువ పరికరానికి చేరిందని అర్థం కాదు. దారిలో ఏదో బఫర్‌లో ఆగి ఉండవచ్చు. పీసీఐ బస్ మీద ఇది నియమబద్ధమైన ప్రవర్తనే. అదే పరికరంలోని హాని లేని ఏదైనా రిజిస్టరును చదివితే, ముందున్న రైట్‌లన్నీ చేరిన తరువాతే ఆ జవాబు వస్తుంది. రెండుచోట్ల ఇది తప్పనిసరి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో కారణాన్ని చెరిపే రైట్ ఇంకా దారిలో ఉండగానే తిరిగి వస్తే, అదే ఇంటరప్ట్ మళ్లీ వస్తుంది. రెండోది, రైట్ తరువాత నిర్ణీత సమయం ఆగాల్సిన చోటు: యూడిలే మీ ప్రాసెసర్ దగ్గర గడియారాన్ని లెక్కిస్తుంది, రైట్ అటు చేరిన సమయాన్ని కాదు.

డేటాషీట్లు ఈ ఆగాల్సిన సమయాన్ని ఎప్పుడూ స్పష్టంగా చెప్పవు. ఇదే చిప్‌లో పుల్-అప్ మార్చేటప్పుడు 150 సైకిళ్లు ఆగమని ఉంది, ఏ క్లాక్ సైకిళ్లో చెప్పలేదు. కెర్నెల్ డ్రైవర్ రాసినవారు ఆ మాటను కామెంట్‌లోనే ఎత్తిచూపి, 250 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను ప్రమాణంగా తీసుకుని ఒక మైక్రోసెకను ఆగుతున్నారు. లెక్క ప్రకారం 0.6 మైక్రోసెకన్లు చాలు. ఊహను ఇలా కోడ్ పక్కనే రాసిపెట్టడం అనుసరించదగిన పద్ధతి.

ఒక బిట్ మారేవరకు ఎదురుచూడాలంటే హద్దులేని లూప్ రాయకండి. రీడ్ఎల్_పోల్_టైమ్‌ఔట్ మాక్రో షరతునూ, విరామాన్నీ, గరిష్ఠ సమయాన్నీ తీసుకుని, సమయం మించితే ఎర్రర్ ఇస్తుంది. అది నిద్రపోగలదు కాబట్టి స్పిన్‌లాక్ పట్టుకున్నప్పుడూ ఇంటరప్ట్‌లోనూ దాని అటామిక్ రూపాన్ని వాడాలి.

ఏడో మెట్టు: క్లాక్, కరెంటు

ఎస్ఓసీల్లో (ప్రాసెసర్, పెరిఫెరల్స్ కలిసి ఉన్న చిప్‌లలో) చాలా బ్లాకులు మొదట నిద్రలో ఉంటాయి. క్లాక్ లేని బ్లాకును చదివితే కొన్ని చిప్‌లలో బస్ అబార్ట్ వస్తుంది, కొన్నింటిలో యంత్రమే బిగుసుకుపోతుంది, ఏ సందేశమూ రాదు. ప్రోబ్‌లో క్లాక్_ప్రిపేర్_ఎనేబుల్ లేదా రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ కాల్ చేసిన తరువాతే మొదటి రీడ్ చేయండి. పీసీఐలో కార్డు ఊడిపోయినా, నిద్రలో ఉన్నా అన్ని బిట్లూ 1గా వస్తాయి. రీడ్ చేసిన విలువ మొత్తం 1లే అయితే దాన్ని స్టేటస్‌గా నమ్మకూడదు.

పీసీఐ, ఎక్స్86 పోర్టుల సంగతి

పీసీఐ డ్రైవర్‌లో పద్ధతి ఇదే, పేర్లే వేరు: పరికరాన్ని ఎనేబుల్ చేసి, రీజియన్లు తీసుకుని, పీసీఐ_ఐఓమ్యాప్‌తో కావలసిన బార్‌ను (కార్డు చూపించే అడ్రస్ ప్రాంతాన్ని) మ్యాప్ చేసుకోవాలి. ఎక్స్86లో మెమరీతో సంబంధం లేని 65,536 ఐఓ పోర్టులు కూడా ఉన్నాయి, వాటికి ఇన్‌బి, ఔట్‌బి వాడతారు. పాత పీసీ గడియారం 70, 71 పోర్టుల మీద ఉంటుంది: 70లో ఏ స్థానం కావాలో రాసి, 71లో దాన్ని చదవాలి. ఈ రెండు చర్యల మధ్య ఇంకెవరైనా 70లో రాస్తే మీరు వేరే విలువ చదువుతారు కాబట్టి ఇక్కడ చదవడానికి కూడా లాక్ కావాలి.

పరికరం లోపలి మెమరీకి పెద్ద డేటా పంపేటప్పుడు మామూలు మెమ్‌కాపీ, మెమ్‌సెట్ వాడకండి. మెమ్‌కాపీ_టుఐఓ, మెమ్‌సెట్_ఐఓ ఉన్నాయి. 64 బిట్ల ఏఆర్ఎమ్‌లో మెమ్‌సెట్ క్యాష్ లైన్లను ఒకేసారి సున్నా చేసే ఆజ్ఞను వాడుతుంది, డివైస్ మెమరీ మీద ఆ ఆజ్ఞ ఫాల్ట్ ఇస్తుంది.

లోపాలు వెతకడం

రిజిస్టర్లు ఎక్కువగా ఉన్న పరికరానికి రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ల యాక్సెస్ కోసం కెర్నెల్‌లో ఉన్న లైబ్రరీ) మీద డ్రైవర్ కట్టడం మేలు. చదివి, మార్చి, రాసే పనిని లాక్‌తో సహా రెగ్‌మ్యాప్_అప్‌డేట్_బిట్స్ చేస్తుంది. ఏ రిజిస్టరు చదవదగ్గది, ఏది చదివితే మారుతుంది అనేవి ఒకేచోట ప్రకటించవచ్చు, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డీబగ్ సమాచారాన్ని ఫైళ్లుగా చూపే చోట) విలువలన్నీ చూడవచ్చు. చదివితే మారేవాటిని 'ప్రీషియస్' అని ప్రకటిస్తే ఆ డీబగ్ ఫైల్ వాటిని తాకదు.

యూజర్ స్పేస్ నుంచి చూడాలంటే బిజీబాక్స్‌లోని డెవ్‌మెమ్ ఉంది. 20003004 అడ్రస్‌ను వరుసగా రెండుసార్లు చదివి, మధ్యలో ఒక సెకను ఆగితే తేడా దాదాపు పది లక్షలు రావాలి. వస్తే మీ అడ్రస్ లెక్క సరైనదే. కెర్నెల్‌ను ఐఓ_స్ట్రిక్ట్_డెవ్‌మెమ్‌తో బిల్డ్ చేసి ఉంటే, డ్రైవర్ల పేర నమోదైన ప్రాంతాలను అది తెరవనివ్వదు. అప్పుడు చదవాల్సిన విలువను మీ డ్రైవర్ నుంచే డీబగ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ ద్వారా బయటపెట్టుకోవాలి.